గండి పడిన కొండ సరస్సు

మన ప్రాంతంలో మృగశిర కార్తె వేసవికి ముగింపు. తొలకరి కోసం రైతు ఆకాశం వంక చూసే ఆ రోజులలోనే అమెరికాలోని రాకీ పర్వతాలలో వేసవి మొదలవుతుంది. ఏడెనిమిది నెలలుగా శిఖరాలమీద పేరుకొన్న మంచు కరిగి, లోయ లోయకూ ఒక సెలయేరు మేల్కొంటుంది. కొండ సరస్సులను చూడదలచినవారికి జూన్ నెల కొంత ఇబ్బందికరమైనదే. దారి పైభాగాన మంచు ఇంకా మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం దాటితే ఉరుములూ మెరుపులూ చెప్పకుండానే వస్తాయి. అయినా నీటికి యౌవనం వచ్చే కాలం అదే. ఎన్నుకొనే అవకాశం ఉంటే నేను ఆ నెలనే ఎన్నుకొంటాను.

ఒక జూన్ నెలలో కొలరాడో రాష్ట్రంలోని లవ్‌లాండ్ పట్టణంలో మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఆ ఊరికి పడమట, కొండల నడుమ, 1915లో ఏర్పడిన రాకీ మౌంటెన్ జాతీయోద్యానం ఉన్నది. అందులో నూరుకు పైగా సరస్సులున్నాయి. కారు దిగిన కొద్దిసేపట్లోనే చేరగల బేర్ లేక్ వంటివాటిని లక్షలమంది చూసి వస్తారు. మా అమ్మాయి మాత్రం, "లాన్ లేక్‌కు పోదాం నాన్నా. అది ఒకప్పుడు ఈ ఊరి రైతుల చెరువు" అన్నది.

నాకు ఆశ్చర్యం కలిగింది. సముద్రమట్టానికి 3,349 మీటర్ల ఎత్తున, ఊరికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన ఉన్న సరస్సు ఈ మైదానపు ఊరికి చెరువెట్లా అవుతుంది? నేను చెరువు కింది ఊరిలో పుట్టినవాణ్ణి. వరంగల్లు ప్రాంతంలో కాకతీయుల నాటినుంచి ఊరూరా చెరువులు వెలశాయి. పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువు నిండుతుంది; అది నిండితే దాని కిందిది. ఇట్లా ఒకదానితో ఒకటి ముడిపడినవాటిని గొలుసుకట్టు చెరువులంటారు. మా అమ్మ తండ్రి మా ఊరి నీరటి. తూము ఎత్తడం, దించడం, మడి మడికీ నీరు పంచడం, వానాకాలంలో కట్టను కాపలా కాయడం నీరటి పని. అందుకు రైతులు పంట కళ్లంలో ఇచ్చే మేరయే ఆయన జీతం. అటువంటి ఇంట పుట్టినవాడికి చెరువన్న మాట వినిపిస్తే చూడకుండా ఉండడం కష్టం.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. పులిహోర మూటతోపాటు నీళ్ళు, వాన కోట్లు, ఉన్ని టోపీలు సంచులలో సర్దింది అమ్మాయి. వేసవిలో ఉన్ని టోపీ ఏమిటని నేను నవ్వితే, సమాధానం చెప్పకుండా ఇంకొక జత చేతి తొడుగులు కూడా పెట్టింది.

నడక మొదలయ్యే చోటు 2,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి సరస్సుకు పది కిలోమీటర్లు. అంటే ఆ రోజు రానూపోనూ ఇరవై కిలోమీటర్లు నడవాలి. ఏడు వందల యాభై మీటర్లు ఎక్కి, అంతా దిగాలి. మొదటి కిలోమీటరు పాండెరోసా పైన్ చెట్ల నడుమ మలుపులు తిరుగుతూ సాగింది. ఆ చెట్టు ముదురు బెరడుకు ముక్కు ఆనిస్తే తీయని వనిల్లా వాసన వస్తుంది. మరికొంత దూరాన ఆస్పెన్ చెట్ల గుంపు ఎదురైంది. గాలి ఉన్నదో లేదో మనకు తెలియకముందే వాటి ఆకులు గలగలలాడుతాయి. మన రావిచెట్టును తెలిసినవారికి ఆ దృశ్యం కొత్తది కాదు. ఆస్పెన్ ఆకు తొడిమ గుండ్రంగా కాక పక్కలకు అణిగి ఉండడం వల్ల ఏ కొద్ది గాలికైనా ఆకు నిలువలేక ఊగుతుందని అమ్మాయి వివరించింది.

అంతవరకు చెవికి మాత్రమే వినబడుతున్న ఏరు ఒక మలుపు దగ్గర కంటికి కనబడింది. దాని పేరు రోరింగ్ రివర్, అంటే గర్జించే నది. పేరు పెద్దదే గాని నీటి పాయ మాత్రం మన ఊరి వాగంత కూడా లేదు. నన్ను నిలబెట్టినది నీరు కాదు, దానికి రెండు వైపులా ఉన్న గట్లు. చిన్న పాయ కోసం ఎవరో రాక్షసుడు తవ్విపెట్టినట్లు కొన్నిచోట్ల యాభై అడుగుల లోతున లోయ కోసుకుపోయి ఉన్నది. నిట్టనిలువు మట్టి గోడలలో చెట్ల వేళ్లు వేలాడుతున్నాయి. బండరాళ్లు ఏ క్షణాన్నైనా జారేటట్లు మట్టిలోనుంచి సగం బయటికి పొడుచుకొని ఉన్నాయి. నలభై ఏళ్లు దాటినా గాయం మానలేదు. ఇంత చిన్న ఏరు ఇంత పెద్ద గొయ్యి తవ్వలేదని చెరువులు చూసినవాడెవడికైనా తెలుస్తుంది. పైన ఏదో తెగింది.

మూడు వేల మీటర్లు దాటినాక నా నడక మందగించింది. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. ఇరవై అడుగులు వేయడం, నిలబడడం, మళ్లీ ఇరవై అడుగులు. అరవైకి చేరువైన నన్ను చూసి అమ్మాయి తన నడక తగ్గించుకొన్నది. ప్రతి పువ్వు దగ్గరా ఏదో చూస్తున్నట్లు ఆగేది. నాకోసమే ఆగుతున్నదని తెలిసినా తెలియనట్లే ఉన్నాను. చూడదగిన పువ్వులు ఉన్న మాట కూడా నిజమే. చీకటి అడవి నేలమీద వేలెడు పొడవున్న గులాబి రంగు కలిప్సో ఆర్కిడ్లు అక్కడక్కడ తల వంచి నిలుచున్నాయి. మంచు కరిగి తప్పుకొన్న చోట, ఆ చన్నీటి బురదలోనే, తెల్లని మార్ష్ మేరిగోల్డ్ పూలు విచ్చుకొన్నాయి. మంచు పూర్తిగా పోయేదాకా ఆగే ఓపిక వాటికి లేదు; ఆ ఎత్తున వేసవి రెండు నెలల ముచ్చట.

చివరి రెండు కిలోమీటర్లు మంచులోనే నడిచాం. ఉదయపు చలికి పైపొర గట్టిపడి ఉండడంతో కాలు దిగబడలేదు. ఉన్ని టోపీ విషయం నేను మళ్లీ ఎత్తలేదు. చెట్లు మొదట పొట్టివై, తరవాత గాలికి ఒకవైపే కొమ్మలున్నవై, చివరకు ఆగిపోయాయి. పదకొండు గంటలు కావస్తుండగా ఎదుట ఆకాశం ఒక్కసారి విశాలమైంది.

సరస్సు సగం గడ్డకట్టి ఉన్నది. ఆవలి ఒడ్డున మంచు పలక తెల్లగా, ఈవలి ఒడ్డున నీరు నల్లని ఆకుపచ్చగా ఉన్నాయి. రెండింటి నడుమ పలచని మంచు ముక్కలు ఒకదాన్ని ఒకటి తాకుతూ గాజుల చప్పుడు చేస్తున్నాయి. కుడివైపున మమ్మీ పర్వతం, ఎదుట ఫెయిర్‌చైల్డ్ పర్వతం. రెండూ నాలుగు వేల మీటర్లు దాటినవే. వేల సంవత్సరాల కిందట ఈ లోయ పొడవునా కదిలిన హిమానీనదం తొలిచిన పళ్లెంలో ఈ నీరు నిలిచింది. ఆ పళ్లేనికి ప్రకృతి పెట్టిన అంచు మీదుగా, ఎక్కువైన నీరు నిశ్శబ్దంగా ఏటిలోకి జారుతున్నది.

ఆ అంచు దగ్గరే మనిషి చేతి పని కనిపించింది. రెండు వైపులా మట్టీ రాళ్ళూ పోసిన కట్ట మొండి ముక్కలు, వాటి నడుమ ఖాళీ. సరస్సు చుట్టూ నీటి మట్టానికి చాలా పైన, గడ్డి సరిగా మొలవని పాలిపోయిన పట్టీ ఒకటి ఉన్నది. వేసవిలో చెరువు ఎండినప్పుడు శిఖంలో నిండు నీటి గుర్తు కనిపిస్తుందే, అటువంటిదే. సహజమైన సరస్సు విస్తీర్ణం దాదాపు పదహారు ఎకరాలు. 1903లో లవ్‌లాండ్ రైతులు కట్ట వేసి దాన్ని నలభై ఎనిమిది ఎకరాలకు పెంచారు. అప్పటికి ఈ జాతీయోద్యానం ఇంకా పుట్టలేదు.

వారి అవసరాన్ని కొంచెం చెప్పాలి. ఆ మైదానంలో ఏడాదికి కురిసే వాన సుమారు నలభై సెంటీమీటర్లు. మన అనంతపురంలోనూ అంతకన్న ఎక్కువే పడుతుంది. అక్కడి వ్యవసాయమంతా కొండలమీది మంచునీటి భిక్ష. ఆ మంచు జూన్‌లో ఒక్కుమ్మడిగా కరిగి పారిపోతుంది. 1901లో లవ్‌లాండ్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. దానికి కావలసిన బీట్‌దుంప పంటకు వేసవి చివరనే నీరు కావాలి. జూన్‌లో వచ్చిన నీటిని ఆగస్టు దాకా ఎక్కడో దాచాలి. ఆ దాచే చోట్లలో ఇది ఒకటి. బండ్లు నడవని దారిలో ఇంత ఎత్తున ఇరవై ఆరడుగుల కట్ట పోసినవారి చెమటను నేను తక్కువ చేయలేను. దాన్ని పేరాశ అని కొట్టివేయడం, చెరువు కింద తిన్నవాడికి తగదు.

ఆ కట్ట డెబ్భై తొమ్మిదేళ్లు నిలిచింది. 1982 జులై 15న తెల్లవారుజామున సుమారు అయిదున్నరకు తెగింది. తరవాత పరిశోధించిన నిపుణులు తేల్చిన కారణం ఇది. కట్ట కింద తూము గొట్టానికీ, దాని కవాటానికీ నడుమ ఉన్న అతుకును సీసంతో మూసి ఉంచారు. ఏళ్లు గడిచి ఆ సీసం క్షీణించింది. అతుకులోనుంచి జారిన నీరు పక్కన ఉన్న మట్టిని కొద్దికొద్దిగా తనతో తీసుకుపోయింది. మట్టి పోయినకొద్దీ దారి పెరిగింది. దారి పెరిగినకొద్దీ మట్టి పోయింది. మన ఊళ్లలో దీన్ని బుంగ పడడం అంటారు. చివరకు గండి.

ఎనభై మూడు కోట్ల లీటర్ల నీరు బయటపడింది. మన పెద్ద జలాశయాల లెక్కలో అది చాలా స్వల్పం; ఒక టీఎంసీలో ముప్పై నాలుగో వంతు మాత్రమే. కాని ఇరుకు లోయలో, నిటారు వాలులో అది పద్దెనిమిది వేల క్యూసెక్కుల ఉధృతితో దిగింది. మేము ఎక్కివచ్చిన ఆ లోయను తవ్వినది అదే. ఏటి ఒడ్డున గుడారంలో నిద్రిస్తున్న ఒక యాత్రికుడు కొట్టుకుపోయాడు. నీరు లోయ దిగువ మైదానంలో పడి, తెచ్చిన రాళ్లనూ ఇసుకనూ చెట్లనూ నలభై రెండెకరాలలో, కొన్నిచోట్ల నలభై నాలుగడుగుల మందాన కుప్పపోసింది. అందులో ఒక బండ నాలుగు వందల యాభై టన్నుల బరువుంటుందని అంచనా.

అక్కడితో ఆగలేదు. ఇంకా దిగువన పదిహేడు అడుగుల కాంక్రీటు ఆనకట్టతో కాస్కేడ్ లేక్ అనే మరొక చిన్న జలాశయం ఉండేది. నీరు దాని మీదుగా పొంగి, ఏడు గంటల నలభై రెండు నిమిషాలకు అదీ కూలింది. అక్కడి విడిదిలో మరి ఇద్దరు మరణించారు. ఎనిమిది దాటాక ఎస్టెస్ పార్క్ పట్టణపు ప్రధాన వీధిలో బురదనీరు ప్రవహించింది. మొత్తం నష్టం మూడు కోట్ల పది లక్షల డాలర్లు. ఊరికి ఆవల ఉన్న పెద్ద జలాశయం ఎస్టెస్ లేక్ ఆ వరదను తనలో ఇముడ్చుకోవడంతో దిగువ ఊళ్లు బతికాయి. గొలుసుకట్టులో పై చెరువు తెగితే కింది చెరువు ఎట్లా తెగుతుందో మా ఊరి పెద్దలు చెప్పిన కథలకూ దీనికీ తేడా లేదు. ఊళ్ళ పేర్లే వేరు.

ఆ ఉదయం ప్రాణనష్టం ముగ్గురితో ఆగడానికి ఒక కారణం ఉన్నది. ఆరున్నర కావస్తుండగా, నడకదారి మొదట్లో చెత్త తొట్టెలు ఖాళీ చేయడానికి వచ్చిన ఒక కార్మికుడు కొండమీదినుంచి వస్తున్న హోరు విన్నాడు. విమానమేమో అనుకోకుండా, ఏమైతే నాకేమని వెళ్లిపోకుండా, చూశాడు. చెట్లు గాలిలోకి ఎగిరిపడుతున్నాయి. వెంటనే అక్కడున్న అత్యవసర టెలిఫోనులో అధికారులకు తెలియజేశాడు. దానితో దిగువన ఉన్నవారిని ఖాళీ చేయించడానికి గంటకు పైగా వ్యవధి దొరికింది. అది అతని ఉద్యోగం కాదు. ఆ ఉదయానికి నీరటి అతడే.

గండి అంచున బండమీద కూర్చొని పులిహోర తిన్నాం. వాసన పట్టి ఒక చిప్‌మంక్ మా కాళ్ల దాకా వచ్చి, రెండు కాళ్లమీద నిలుచుని చూసింది. అడవి జంతువులకు ఆహారం పెట్టడం అక్కడ నిషిద్ధం. దాని ముఖం చూస్తే నిషేధం గురించి దానికి ఎవరూ చెప్పినట్లు లేదు.

"ముత్తాత ఇక్కడ ఉంటే ఆ బుంగ కనిపెట్టేవాడా నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

వెంటనే బదులు చెప్పలేకపోయాను. చిన్నప్పుడు శ్రావణమాసపు రాత్రులలో మా తాత వెంట లాంతరు పట్టుకొని వెళ్లేవాణ్ణి. ఆయన కట్టమీద నడిచేవాడు కాదు. కట్ట కింద, పొలాలవైపు, మొదటినుంచి చివరిదాకా చెప్పులు లేకుండా నడిచేవాడు. పాదానికి చెమ్మ తగిలితే ఆగేవాడు. లాంతరు దించమని చెప్పి, ఊటనీటిని దోసిట్లోకి తీసుకొని చూసేవాడు. "తేటగా ఉంటే చెరువు ఊపిరి పీలుస్తున్నదిరా. మురికిగా ఉంటే కట్ట కరుగుతున్నది" అనేవాడు. మురికి నీరు కనిపించిన ఒక రాత్రి ఆయన కేక వేస్తే ఊరు ఊరంతా లేచి వచ్చింది. తంగేడు మండలు, ఇసుక బస్తాలు, గడ్డి మోపులు, ఎవరికి దొరికినవి వారు తెచ్చారు. తెల్లవారేసరికి బుంగ మూతపడింది. ఆడవాళ్లు కట్ట మైసమ్మకు నీళ్లు ఆరబోశారు. తాత మాత్రం ఇంటికి వచ్చి పడుకొని, సాయంత్రం దాకా లేవలేదు.

"గొట్టం లోపలి సీసం ఏ పాదానికీ తగలదమ్మా" అన్నాను చివరకు. "కాని మట్టి కొట్టుకుపోతున్న నీటి రంగు మారుతుంది. ఆ రంగు చూడడానికి ఒక మనిషి ఉండాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కప్పిన చోట, ఊరికి ఇంత దూరాన, అది తేలికైన పని కాదు."

"మరి కట్టకుండా ఉండవలసిందా?"

"కట్టకపోతే వాళ్ల పంట ఎండేది. ఇంత దూరాన కట్టాక రోజూ చూడలేకపోయారు. ఆ రెండింటిలో ఏది తప్పో నేను చెప్పలేను."

ఆమె ఒప్పుకొన్నట్లు కనిపించలేదు. ఆమె తరం ఆలోచన వేరు. ఆ ప్రమాదం తరవాత ఈ కట్టను మళ్లీ వేయలేదు. అంతే కాక ఉద్యానం దక్షిణ భాగంలోని బ్లూబర్డ్, పేర్, శాండ్‌బీచ్ సరస్సుల మీది పాత ఆనకట్టలను కూడా ఆ దశకం చివర తొలగించి, వాటి నీటిని సహజ మట్టానికి వదిలివేశారు. అది సరియైన నిర్ణయమని అమ్మాయి అభిప్రాయం. ఎదుట మంచు పలక కింద మెల్లగా కదులుతున్న నీటిని చూస్తుంటే నాకూ కాదనబుద్ధి కాలేదు.

పన్నెండు గంటలకే పడమటి శిఖరాల వెనుకనుంచి మబ్బు పైకి లేచింది. కొండ ఎరిగినవారు చెట్లు లేని చోట మబ్బుకు ఎదురు నిలువరు, వెంటనే లేచాం. ఉదయం గట్టిగా ఉన్న మంచు ఎండకు మెత్తబడి, అడుగడుగునా మోకాటి దాకా దిగబడింది. ఎక్కేటప్పుడు గంట పట్టిన దూరానికి దిగేటప్పుడు గంటన్నర పట్టింది. అడవిలోకి చేరామో లేదో రేగుపండ్లంత వడగళ్లు కురిశాయి. పావుగంటలో నేలంతా తెల్లనై, మరి పావుగంటలో ఎండ కాసింది. ఆ తరవాత ఏటి నీటి రంగు చూశాను. ఉదయం తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరిగింది. కోసుకుపోయిన ఆ గట్లనుంచి మట్టి ఇంకా రాలుతూనే ఉన్నది.

సాయంత్రం నాలుగున్నరకు కింద, వరద కుప్పపోసిన రాళ్ల మైదానం దగ్గర ఆగాం. 2013 సెప్టెంబరు వరదలు దాన్ని మరొకసారి తారుమారు చేశాయి. రాళ్ల సందులలో ఆస్పెన్ మొక్కలు మనిషెత్తు దాటి పెరిగాయి. ఇల్లంత బండలమీద పిల్లలు ఎక్కి దూకుతున్నారు. చన్నీళ్లలో కాళ్లు పెట్టి అరుస్తున్నారు. ఒడ్డున వరద కథ వివరించే ఫలకం ఒకటి ఉన్నది. పిల్లలెవరూ దానివైపు చూడలేదు. ఆ వయస్సులో నేనూ చూసేవాణ్ణి కాదు.

మరునాడు కాళ్లు పట్టేసి దూరం నడవలేక, అమ్మాయి ఇంటి వెనుక సేద్యపు కాలువ గట్టు మీద కూర్చున్నాను. ఊరు పెరిగి పొలాలు తగ్గినా ఆ కాలువలో నీరు పారుతూనే ఉన్నది. ఎనిమిది గంటల వేళ ఒక పాత ట్రక్కు గట్టు వెంట మెల్లగా వచ్చి ఆగింది. కాలువ కాపలాదారును అక్కడ డిచ్ రైడర్ అంటారట. టోపీ పెట్టుకొన్న నడివయసు మనిషి దిగి, తూము తలుపు చక్రం రెండు చుట్లు తిప్పి, కొలబద్ద చూసి చిన్న పుస్తకంలో రాసుకొన్నాడు. వెళ్లబోతూ ఆగి, గట్టు దిగి, బయటివైపు నేలను బూటు కొనతో అక్కడక్కడ నొక్కి చూశాడు. ఒకచోట వంగి, మట్టిని వేళ్లతో నలిపాడు. నావైపు చూసి చేయెత్తాడు. నేనూ ఎత్తాను. ట్రక్కు మరో తూము వైపు కదిలింది.